సెరాంపూరు కళాశాల – మన కళాశాల

మన కళాశాలకు మైనారిటీ విద్యాసంస్థగా గుర్తింపు ఉన్నదని సభలలో గర్వంగా చెప్పుకొంటూ ఉంటాము. ఆ గుర్తింపుతో మనం ఏమి సాధిస్తున్నామన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఈ సందర్భంలో వంగదేశంలోని ఒక చిన్న క్రైస్తవ కళాశాల చరిత్ర మనకు స్మరణీయం.

హుగ్లీ నదీతీరాన, నాడు డెన్మార్కు పాలనలో ఉండిన సెరాంపూరులో, 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే మిషనరీలు ఈ కళాశాలను స్థాపించారు. 1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ దానికి పట్టాలిచ్చే అధికారాన్ని శాసనపూర్వకంగా ప్రసాదించాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వెలసినది 1857లో. అంతకు ముప్పది ఏండ్ల ముందే ఈ చిన్న సంస్థకు ఆ హోదా దక్కినదన్నమాట. కాని ఆ శాసనబలంతో తొలి పట్టాలను ప్రదానం చేసినది 1915లో! ఎనుబది ఎనిమిది సంవత్సరాలు ఆ పత్రం నిద్రించినది. నడుమ 1883లో ఆర్ట్స్ తరగతులు సైతం మూతపడి, 1911లో గాని తిరిగి తెరువబడలేదు.

హోదా నిద్రించినా ఆ కళాశాల పేరు నిలిచినదంటే, అందుకు కారణం దాని ద్వారమని నా అభిప్రాయం. క్రైస్తవ యువకులతోపాటు ఇతరులకు కూడా అని స్థాపకులు మొదటి ప్రణాళికలోనే వ్రాసుకొన్నారు. కులం, వర్ణం, దేశం ప్రవేశానికి అడ్డు కారాదని 1833 నాటి నిబంధనలలో స్పష్టపరచారు. సంస్కృతం, బెంగాలీ, పాశ్చాత్య విజ్ఞానం ఒకే కప్పు క్రింద బోధించారు. మనకూ అచ్చటితో కొంత బంధుత్వం ఉన్నది. కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లో సెరాంపూరు ముద్రాలయంలోనే అచ్చయినది. వంగదేశంలో కూర్చుండి ఒక విదేశీయుడు మన భాషకు వ్యాకరణం వ్రాశాడు. ప్రక్క బల్లపై కూర్చున్న మిత్రుని లిపి మనకు రాదు.

రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు లభించిన శాసనం. దానిని ప్రవేశాల వేళ మాత్రమే వెలికి తీయడం న్యాయమా? మన భోజనశాలలో ఉర్దూ మాధ్యమం వారిది ఒక బల్ల, తెలుగు మాధ్యమం వారిది మరొక బల్ల. కలహమేమీ లేదు, పలుకరింపూ లేదు. ఈ సంచికనే చూడండి. కుడివైపు నుండి తెరచినవారు ఉర్దూ పుటలు చదివి మూసివేస్తారు. ఎడమవైపు నుండి తెరచినవారు తెలుగు పుటలతో ఆగిపోతారు. ఇందుకు నేనూ మినహాయింపు కాను.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. క్రొత్త భవనం మాట ఎట్లున్నా, సాయంకాలం ఒక గంట తెలుగువారికి ఉర్దూ లిపిని, ఉర్దూవారికి తెలుగు లిపిని నేర్పే తరగతిని ప్రారంభించండి. అధ్యాపకులు మన వద్దనే ఉన్నారు. సుద్దముక్కల ఖర్చు తప్ప వేరొకటి లేదు. వచ్చే సంచికలో తెలుగు విద్యార్థి ఉర్దూలోను, ఉర్దూ విద్యార్థి తెలుగులోను వ్రాసిన రెండు పుటలైనా నడుమ ఉండవలెను. ఉర్దూ తరగతికి మొదటి పేరు నాది వ్రాసుకొనండి.