బురదపై మోపిన నింద

ఆంగ్లభాషలో చిత్తడినేలకు పేర్లు పెక్కులు గలవు. వాననీటినే నమ్ముకొని, కుళ్లని మొక్కల పీచుతో నిండియుండు నేల బాగ్; భూగర్భజలమును గూడ నందుకొనునది ఫెన్; రెల్లును తుంగయు పెరుగునది మార్ష్; వృక్షములు నీట నిలుచునది స్వాంప్. నేల నింత నిశితముగా జూచిన భాషను మెచ్చుకొనక తప్పదు. కాని యా మాటలతో నది చేసిన పనిని మేము మెచ్చజాలము.

బాగ్ అనుమాట గేలిక్ భాషలనుండి వచ్చినది. అందు దానికి మెత్తన యని యర్థము. ఐర్లండువారి మాటను దెచ్చుకొని, ఆ మాటతోనే ఐర్లండు రైతును 'బాగ్‌ట్రాటర్', అనగా బురదలబడి తిరుగువాడు, అని వెక్కిరించిరి. నేటికిని కార్యము చిక్కుపడినను, ప్రభుత్వమున లంచగొండితనము పెరిగినను, ఆంగ్లమున నింద పడునది చిత్తడినేల మీదనే!

నింద వెంట పార వచ్చును. తూర్పు ఇంగ్లండులోని ఫెన్ నేలలు చేపలు, బాతులు, రెల్లు, పచ్చిక యిచ్చి పేదలను బోషించుచుండెను. ధనికుల కవి బంజరులుగా దోచెను. 1630 దశకమున బెడ్‌ఫర్డు ప్రభువును, అతని భాగస్థులును 95,000 ఎకరములు ప్రతిఫలముగా గోరి, డచ్చి యింజనీరు వెర్మూయ్‌డెన్ చేత కాలువలు ద్రవ్వించిరి. ఉమ్మడి హక్కులు గోల్పోవు గ్రామస్థులు గట్లు తెగగొట్టిరి. తుదకు నెగ్గినది ధనమే. అయినను నేల బదులు చెప్పినది. 1851లో హోమ్ ఫెన్‌నందు తల నేలమట్టముగా నుండునట్లు పాతిన యినుపస్తంభము నేడు సుమారు 4 మీటర్లు పైకి గనబడుచున్నది. స్తంభము లేవలేదు, ఎండిన నేల క్రుంగినది.

పరుల తప్పెన్నుట సులభము. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని మనము ననుచున్నాము గదా! ఆ యడుసు త్రొక్కినవారి వలననే మన కంచమున నన్నము. కొల్లేరు 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాకెక్కినది. అంతకు మున్నే దాని గర్భమున చేపలచెరువుల గట్లు లేచెను. 2006లో ప్రభుత్వమే వానిని ద్రెంపింపవలసివచ్చెను. బుడమేరును తమ్మిలేరును దెచ్చు వరదకు సరస్సున చోటు లేకున్న, నీరు ఊళ్లను వెదకికొనదా?

దొర పోయెను, దొర చూపు పోలేదు. నీరు నిలిచిన నేల వ్యర్థమను మాటను ముందు మన నోళ్లనుండియు, పిదప మన దస్తరములనుండియు దొలగింతము. పేరు చెఱచిన నేలను గాపాడుకొనుట యెవరి తరము?