పేరు ఆమెది, కథ ఎవరిది?

2023 మే 31న అమెరికాలో విడుదలైన ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ కామిక్ 26వ సంచికలో కమలా ఖాన్ అనే ముస్లిం యువతి ప్రాణాలు కోల్పోయింది. రెండు నెలలు తిరగకముందే ‘ఎక్స్‌మెన్’ కథలో ఆమెను మళ్లీ బతికించారు. సూపర్‌హీరోలు మరణించడం, తిరిగి లేచి రావడం ఆ కథాలోకంలో మామూలే. కాబట్టి ఆమె మరణం నన్ను అంతగా కలవరపెట్టలేదు. ఆమె ఎవరి కథలో, ఎవరి కోసం మరణించింది? తిరిగి వచ్చినప్పుడు ఏ గుర్తింపుతో వచ్చింది? కమలా కథలను మొదటి నుంచీ చదువుతున్న అభిమానిగా నన్ను వేధించినవి ఈ రెండు ప్రశ్నలు. ఇవి కామిక్స్ చదివేవారికి మాత్రమే సంబంధించినవి కావు. తమ పేరును, తమ ముఖాన్ని ఇతరులు వాడుకోవడం చూస్తున్న ఏ సమాజానికైనా ఇవి సొంత ప్రశ్నలే.

కమలా గురించి తెలియని పాఠకులకు కొద్దిగా పరిచయం అవసరం. 2013లో వేరొకరి కథలో తొలిసారి కనిపించిన ఈ పాత్రకు 2014 ఫిబ్రవరిలో ‘మిస్ మార్వెల్’ పేరిట సొంత కామిక్ దక్కింది. మార్వెల్ సంస్థ చరిత్రలో ఒక ముస్లిం పాత్ర ప్రధాన నాయికగా సొంత కామిక్ వెలువడటం అదే మొదలు. పాకిస్తానీ మూలాలున్న అమెరికన్ సంపాదకురాలు సనా అమానత్ తన బాల్యం గురించి సహ సంపాదకుడు స్టీఫెన్ వాకర్‌తో చెప్పిన ముచ్చట్ల నుంచి ఈ పాత్ర పుట్టింది. ఇస్లాం స్వీకరించిన అమెరికన్ రచయిత్రి జి. విల్లో విల్సన్ కథ రాయగా, ఏడ్రియన్ ఆల్ఫోనా బొమ్మలు గీశారు. మొదటి సంచికను పలుమార్లు పునర్ముద్రించవలసి వచ్చింది. తొలి సంపుటానికి 2015లో ప్రతిష్ఠాత్మకమైన హ్యూగో పురస్కారం లభించింది.

ఈ కథకు బలం ఆమె శరీరాన్ని సాగదీసే శక్తిలో లేదు, న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో ఉన్న ఆమె ఇంటిలో ఉంది. బ్యాంకులో పనిచేసే తండ్రి యూసుఫ్, కూతురు రాత్రిపూట ఎక్కడ తిరుగుతున్నదోనని గుబులుపడే తల్లి మునీబా, దైవధ్యానంలోనే అధిక కాలం గడిపే అన్న ఆమిర్ ఆ ఇంట ఉంటారు. శక్తులు లభించిన తొలి క్షణంలో కమలా తెల్లజాతి నాయిక కరోల్ డాన్వర్స్ రూపాన్ని ధరిస్తుంది. ఆ పరాయి రూపంలో తనకు సుఖం లేదని కొద్దికాలంలోనే గ్రహిస్తుంది. నీట మునిగిపోతున్న సహవిద్యార్థినిని కాపాడే వేళ, ఒక ప్రాణాన్ని నిలబెట్టడం గురించిన ఖుర్ఆన్ బోధ ఆమెకు గుర్తుకు వస్తుంది. అది తండ్రి తరచుగా చెప్పే మాట. అక్కడ ఉపన్యాసం లేదు. ముస్లిం ఇళ్లలో పెరిగిన పిల్లలకు ధర్మం ఎలా అబ్బుతుందో అలాగే, ఇంటి మాటగా అది కథలోకి వచ్చింది.

విల్సన్ ముస్లిం సమాజాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చూపలేదు. మస్జిద్‌లో తెర వెనుక కూర్చున్న కమలా, ఆమె స్నేహితురాలు నకియా తమకు ప్రసంగించే ముఖం కూడా కనిపించకపోవడాన్ని షేక్ అబ్దుల్లా ముందే ప్రశ్నిస్తారు. అదే షేక్ తరువాతి కాలంలో, తన పనిని పూర్తిగా చెప్పుకోలేక సతమతమవుతున్న కమలాను గద్దించకుండా, మంచి గురువును వెతుక్కోమని సలహా ఇస్తాడు. ఆమిర్ నల్లజాతి ముస్లిం యువతి టయేషాను పెళ్లాడదలచినప్పుడు పెద్దల మనసుల్లోని సంకోచాలు బయటపడతాయి. నకియా హిజాబ్ ధరిస్తుంది, కమలా ధరించదు. ఇద్దరిలో ఎవరు మంచి ముస్లిం అన్న తీర్పు కథ ఇవ్వదు. మనలోని లోపాలను చూపుతూనే మనల్ని కించపరచని రచన ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఈ సంచికలు చదవాలి.

రాజకీయాల విషయంలోనూ ఆ కామిక్ వెనుదీయలేదు. 2016 నాటి సంచికలలో, నేరం జరగకముందే జరుగుతుందని జోస్యం చెప్పి మనుషులను నిర్బంధించే ఏర్పాటు వస్తుంది. కమలా తన ఆరాధ్య నాయిక కరోల్ మాట విని మొదట అందులో పాల్గొంటుంది. తోటి విద్యార్థి నిర్బంధానికి గురై, ప్రాణస్నేహితుడు బ్రూనో తీవ్రంగా గాయపడిన తరువాత ఆమె ఎదురు తిరుగుతుంది. ఇది గాలిలో అల్లిన కథ కాదు. న్యూయార్క్ పోలీసులు న్యూజెర్సీలోని మస్జిద్‌లపైనా, దుకాణాలపైనా, ముస్లిం విద్యార్థి సంఘాలపైనా రహస్య నిఘా ఉంచిన వైనాన్ని 2011, 2012లలో అసోసియేటెడ్ ప్రెస్ పాత్రికేయులు వెలికితీశారు. ఆ పరిశోధనకు పులిట్జర్ బహుమతి లభించింది. బాధితులు వేసిన దావా 2018లో రాజీతో ముగిసింది. ఏ తప్పూ చేయని మనిషి తాను ముందుగానే అనుమానితుడినని తెలుసుకున్నప్పుడు కలిగే వేదన అమెరికా ముస్లింలకే పరిమితమైనది కాదని ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

2017లో వచ్చిన ‘మక్కా’ అనే కథా భాగం నా దృష్టిలో ఈ మొత్తం పరంపరకే తలమానికం. అది బక్రీద్ పండుగతో మొదలవుతుంది. కొత్త మేయర్ అసాధారణ శక్తులున్నవారిని వేరుచేసి పట్టుకునే కార్యక్రమం ప్రారంభిస్తాడు. ఆ వలలో ఆమిర్ చిక్కుకుంటాడు. అతడి మతనిష్ఠను చూసి తీవ్రవాదిగా ఊహించుకునేవారికి అతడిచ్చే సమాధానంలో ఒక తరం ముస్లిం యువకుల గుండెమంట ఉంది. ఇక్కడ శక్తులున్నవారిపై ద్వేషం, ముస్లింలపై ద్వేషం పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి రెండవదాన్ని మింగివేయదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇటీవలి సంచికలతో నా తగాదా సరిగ్గా ఇక్కడే ఉంది.

కమలా పేరును ఇతరులు వాడుకోవడం గురించి కూడా ఆ కథలే మనకు పాఠం చెప్పాయి. 2015 చివర మొదలైన రెండవ పరంపరలో ఒక గృహనిర్మాణ సంస్థ ఆమెను అడగకుండానే ఆమె ముఖాన్ని ప్రకటన పలకలపై ముద్రించుకుంటుంది. పేదలను ఖాళీ చేయించే ఆ పథకం ఆమెదేనని నమ్మిన ఇరుగుపొరుగువారు ఆమెనే నిందిస్తారు. 2020లో వచ్చిన ‘అవుట్‌లాడ్’ కథ ఇంకా పదునైనది. ఒక పాఠశాలలో జరిగిన విధ్వంసంలో కమలా స్పృహ కోల్పోతుంది. ఆమే మిస్ మార్వెల్ అని తెలియని ప్రభుత్వం, ఆమెను అమాయక బాధితురాలిగా భావించి, చిన్న వయసు హీరోలను నిషేధించే చట్టం తెస్తుంది. జనం నోట దాని పేరు ‘కమలా చట్టం’. ఆమె రక్షణ పేరిట పుట్టిన చట్టం కళ్లు తెరిచేసరికి ఆమెనే నేరస్థురాలిని చేస్తుంది. ముస్లిం మహిళల ఉద్ధరణ పేరిట వారిని సంప్రదించకుండా జరిగే చర్చలను ఎన్నో చూసిన మనకు ఈ ఎత్తిపొడుపు వెంటనే అర్థమవుతుంది.

ఇంత తెలిసిన ప్రచురణ సంస్థ 2023లో చేసిందేమిటి? అప్పటికి ఆమె సొంత నెలవారీ కామిక్ ఆగిపోయి రెండేళ్లు దాటింది. ఆమెను స్పైడర్‌మాన్ కథలో ఉపపాత్రగా చేర్చారు. ఆ 26వ సంచికలో ఆమె మేరీ జేన్ రూపం ధరించి, శత్రువు దెబ్బను తాను స్వీకరించి మరణిస్తుంది. ఇతరుల కోసం ప్రాణమివ్వడం ఆమె స్వభావానికి విరుద్ధమేమీ కాదు. అయితే పరాయి రూపంలో ఇమడలేక తన రూపాన్ని వెతుక్కున్న పిల్లను, మళ్లీ ఒక తెల్లజాతి యువతి రూపంలోనే, మరొకరి దుఃఖాన్ని గాఢం చేయడానికి చంపడం ఆమె తొలి కథనే తలకిందులు చేయడం. అమెరికాలో ఆసియా సంతతివారి వారసత్వ మాసంగా జరుపుకునే మే నెలలోనే ఆ సంచిక రావడం అభిమానుల ఆగ్రహానికి ఆజ్యం పోసింది. జూలైలో వచ్చిన ‘ఫాలెన్ ఫ్రెండ్’ సంతాప సంచికకు విల్సన్, సలాదీన్ అహ్మద్‌లను రచయితలుగా పిలిచారు. మార్క్ వెయిడ్ కూడా వారితో ఉన్నారు. ఆమెకు ప్రాణం పోసినవారిని ఆమె మరణ నిర్ణయం తరువాత సంతాపం రాయడానికి పిలవడంలోని విషాదం ఆ పుటలను దాటి నన్ను తాకింది.

ఆ తరువాత ఆమె ‘మ్యూటెంట్’గా తిరిగి వచ్చింది. మ్యూటెంట్లంటే పుట్టుకతోనే వింత శక్తుల బీజం కలిగి, ఆ కారణంగా లోకం ద్వేషానికి గురయ్యేవారు. 1963లో మొదలైన ఎక్స్‌మెన్ కథలను పాఠకులు తరతరాలుగా అణగారిన వర్గాలన్నింటికీ రూపకంగా చదువుకున్నారు. కమలా పాత్రను తెరపై పోషించిన ఇమాన్ వెల్లానీ, సబీర్ పీర్జాదాతో కలిసి ‘ది న్యూ మ్యూటెంట్’ (2023), ‘మ్యూటెంట్ మెనేస్’ (2024) అనే రెండు చిన్న పరంపరలు రాశారు. వాటిలో మెచ్చుకోదగినవి ఉన్నాయి. కమలా మాటల్లోని చురుకుదనం, గడుసుదనం వెల్లానీ చేతిలో మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. తాను ఎన్నడూ అనుభవించని ఒక గుర్తింపును లోకం తన నుదుట అతికించినప్పుడు ఏం చేయాలన్న ఆమె తికమకను నిజాయితీగా రాశారు.

అయినా నా అభ్యంతరం తీరలేదు. ‘మ్యూటెంట్ మెనేస్’లో సొంత ఊరైన జెర్సీ సిటీయే ఆమెను అనుమానంగా చూస్తుంది. కారణం ఆమె మ్యూటెంట్ కావడం. న్యూజెర్సీలో ఒక ముస్లిం యువతి అనుమానానికి గురికావడానికి కల్పిత జన్యువు కావాలా? రూపకం ఉన్నది నేరుగా చెప్పలేని సత్యాన్ని చెప్పడానికి. సత్యమే పాత్రగా ఎదుట నిలబడి ఉన్నప్పుడు దానిపై రూపకాన్ని కప్పితే మిగిలేది ముసుగు మాత్రమే. ద్వేషానికి పేరు మారగానే ద్వేషించేవాడి బాధ్యత కూడా తేలికైపోతుంది, ఎందుకంటే మ్యూటెంట్‌ను ద్వేషించిన మనిషి వాస్తవ లోకంలో ఎవరూ లేరు. 2024లో ఆరంభమైన ‘ఎన్‌వైఎక్స్’ పరంపరలో ఆమె న్యూయార్క్ కళాశాల విద్యార్థిని. యువ మ్యూటెంట్ల స్నేహాలను ఆ కామిక్ ఉత్సాహంగా చిత్రించింది, నేను ఇష్టంగానే చదివాను. కానీ అమ్మీ, అబ్బూల వంటిల్లు, మస్జిద్, షేక్ అబ్దుల్లా కథ అంచులకు జరిగిపోయారు. పేరు నిలిచింది, ఇల్లు దూరమైంది.

పెద్ద జట్టులో చేరితే పాఠకులు పెరుగుతారు కదా అని కొందరు అభిమానులు వాదిస్తారు. అందులో కొంత నిజముంది. అయితే కమలాకు తొలి పాఠకులను తెచ్చింది పెద్ద జట్టు కాదు, ఆ చిన్న ఇల్లే. మరోవైపు మన పెద్దలు కొందరు, వేషం కట్టి ఎగిరే అమ్మాయి మనకెందుకని అడుగుతారు. బొమ్మకు ఎంత బలముందో 2015 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం చూసింది. అక్కడ సిటీ బస్సులపై ముస్లింలను కించపరిచే ప్రకటనలు వెలిసినప్పుడు, వాటిని కప్పివేయడానికి కార్యకర్తలు ఎంచుకున్నది కమలా బొమ్మనే. పైగా మన పిల్లలు ఈ కథలను సినిమాలుగా, ధారావాహికలుగా తెలుగు డబ్బింగ్‌లోనే చూస్తున్నారు. మనం తలుపు మూసినా కథ కిటికీలోంచి వస్తుంది. దానిని ఎలా చదవాలో నేర్పడమే మన చేతిలో ఉన్నది.

అందుకు మూడు ప్రశ్నలు చాలు. ఈ కథలో ముస్లిం పాత్రకు ఇల్లు ఉందా? ఆమె బాధకు కేంద్రం ఆమేనా, మరొకరా? ఆమెపై చూపే ద్వేషానికి దాని అసలు పేరు పెట్టారా? ఈ ప్రశ్నలు కామిక్స్‌కే కాదు, తెలుగు సినిమాలో మనకు కేటాయించే నమ్మకస్తుడైన స్నేహితుడి వేషానికీ, ఎన్నికల వేదికపై కప్పే శాలువాకూ వర్తిస్తాయి.

‘జల్జలా’ (1998), ‘వతన్’ (2004) వంటి సంకలనాలతో తెలుగు ముస్లిం రచయితలు తమ గడపల నుంచి తామే మాట్లాడటం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. ఆ గొంతు ఇంకా పిల్లల బొమ్మల కథలకు చేరలేదు. కర్నూలులోనో, నల్లగొండలోనో పెరిగే ఒక అమ్మాయి, ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే అమ్మాయి, తన కథకు తానే నాయిక అయ్యే పుస్తకం మన దగ్గర రావాలి. రాయగలవారున్నారు, గీయగలవారున్నారు. ముద్రణ ఖర్చును మోయడానికి మన విద్యాసంస్థలు, సేవాసంఘాలు ముందుకు రావాలి. ఇక మార్వెల్ సంస్థను ఒక పాత అభిమానిగా నేను కోరేది ఒక్కటే: కమలాకు మళ్లీ సొంత కామిక్ ఇవ్వండి, ఆమెను జెర్సీ సిటీకి పంపండి. అక్కడ మునీబా ఇంకా కూతురి కోసం మేలుకొనే ఉంది.