సైకిలు సరే, ఆదివారం ఎవరిస్తారు?

దూరపు సైకిలు పందేలకి తయారవడం ఎలాగో చెప్పే వ్యాసాలు ఈ చలికాలమంతా చదివాను. చదివి చదివి ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. వాళ్ళు తప్పు చెబుతారని కాదు, చెప్పినవన్నీ నిజాలే. చెప్పకుండా వదిలేసిన ఒక్కదాని గురించే నా తగాదా.

ముందు సంగతేమిటో చెప్పాలి గదా. మేం కాపురముంటున్న ఓక్లహోమా రాష్ట్రంలో స్టిల్‌వాటర్ అని ఒక యూనివర్సిటీ ఊరుంది. అక్కడ 2013లో ఒక సైకిలు పందెం మొదలైంది. ఇప్పుడు దాని పేరు మిడ్ సౌత్. మార్చి నెల నడుమ పెడతారు. నూరు మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు, చాలామటుకు కంకర రోడ్డూ ఎర్రమట్టీనూ. ఆ మట్టి పొడిగా ఉన్నన్నాళ్ళూ మహా మర్యాదస్తురాలు. వానపడిందా, అరిసెల పాకంలా చక్రాలకి పట్టుకుంటుంది. 2017లో అలా పట్టుకుని గేర్లు విరిగితే సైకిళ్ళు భుజాన వేసుకుని నడిచారు జనం. అందుకే తెలిసినవాళ్ళు మట్టి గీక్కోడానికి రంగుడబ్బా కలిపే చెక్కబద్ద ఒకటి దగ్గరుంచుకుంటారు. నేను వంటింటి తెడ్డు పెట్టుకున్నాను. ఏ వ్యాసంలోనూ లేదు గానీ, దానికి మించింది లేదు.

వసంతం అప్పుడే తొంగిచూసే రోజులు. పొద్దున్న వేళ్ళు కొంకర్లు పోతాయి, మధ్యాహ్నానికి చెమట. దక్షిణపు గాలి ఎదురొస్తే దిగి నడవడమే నయమనిపిస్తుంది. పందెం మార్చిలో అంటే తయారీ అంతా పుష్య మాఘాల చలిలోనన్నమాట.

టైరు 40 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలంటారు, గాలి బిగించి కొట్టొద్దంటారు. గంటకి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి, పందెంనాడు కొత్త తిండి ముట్టొద్దు. (నాకు ఖర్జూరాలూ పల్లీ ఉండలూ పడ్డాయి.) ఆదివారం దూరం వారం వారం కాస్త పెంచాలి, నాలుగో వారం ఒంటికి తెరిపివ్వాలి. వారానికి ఎనిమిది గంటల చొప్పున 12 వారాలు వేసుకోండి, 96 గంటలు!

ఈ 96 గంటలు ఎవరి ఖాతాలోంచి తియ్యాలో ఒక్క మహానుభావుడూ రాయడు. ఆయనకి తట్టదు. ఆదివారం ఆయన వెళ్తాడు, బురదకాళ్ళతో వస్తాడు, వేడన్నం ఉంటుంది, పాపం అలిసిపోయాడంటారు. ఆడది వెళ్ళాలంటే రాత్రే పప్పు నానెయ్యాలి, కూర తరుక్కోవాలి, అత్తగారి బీపీ మాత్ర ఎక్కడుందో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాలి. ఇంతా చేసి నలభయ్యో కిలోమీటరు దగ్గర ఫోను: "పెరుగెక్కడుంది?" పెరుగు గ్యారేజీలో ఉంటుందా?

మొన్నొక విందులో ఒక పెద్దమనిషి, "ఆడవాళ్ళకి అంత దమ్ముండదు చెల్లెమ్మా, అందుకే పందేల్లో తక్కువ" అన్నారు. 2016లో అమెరికాని ఈ తీరం నుంచి ఆ తీరం దాకా దాటే ట్రాన్సామ్ పందెంలో మగవాళ్ళందర్నీ వెనక్కి నెట్టి మొదటొచ్చింది లేల్ విల్కాక్స్ అనే ఆడపిల్లేనండీ. అంతదూరం వద్దనుకుంటే మన పక్కనున్న తమిళనాడు చూడండి. 1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టరు షీలారాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంతో పాటే ఆడవాళ్ళ సైకిళ్ళకి ఊతమిచ్చి, బ్యాంకుల చేత అప్పులిప్పిస్తే, లక్షమందికి పైగా తొక్కడం నేర్చుకున్నారు. రాళ్ళు కొట్టేవాళ్ళూ, పొలం పనివాళ్ళూ కూడా ఉన్నారు వాళ్ళలో. దమ్ము వాళ్ళకి ఆ ఏడే పుట్టుకొచ్చిందా? సైకిలు చేతికందింది, అంతే.

"మీవారు ఒప్పుకున్నారా వదినగారూ?" అని మెల్లిగా అడిగేవాళ్ళు వేరు. మావారు ప్రతి శనివారం బాడ్మింటన్‌కి వెళ్తారు. నేనొప్పుకున్నానా అని ఆయన్ని ఎవరైనా అడిగారేమో కనుక్కోవాలి.

2025 మార్చిలో స్టిల్‌వాటర్ చుట్టూ కార్చిచ్చు అంటుకుని పందెం ఆగిపోయింది. ఇళ్ళే కాలిపోయినచోట పందెం గురించి ఏడవకూడదు, నిజమే. కానీ అప్పటికి మూణ్ణెల్లు తయారైన నా స్నేహితురాలొకావిడ, మర్నాడు ఇంట్లో అడిగి మళ్ళీ ఆదివారాలు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆవిడతో పాటు తయారైన మగవాళ్ళెవరూ దేన్నీ అడగలేదు.

ఇంతలో ఉగాది సంబరాలొచ్చాయి. రిహార్సల్సు ఆదివారాలే, పులిహోర ఎప్పట్లాగే నా వంతు. ఈ ఏడు మగవారు కలుపుతారని చెప్పేశాను. చింతపండు ఎంత నానెయ్యాలో రాసివ్వమని ఫోన్లొచ్చాయి. రాయలేదు. టైర్లో గాలి ఎంతుండాలో వెతికి చదువుకునేవాళ్ళు, ఇదీ వెతుక్కుంటారు.