చాయ్ వద్దన్నవాళ్ల మీద నారాజ్ కావొద్దు

మా అమ్మీ కొన్నేళ్ల పాటు రాత్రి రెండింటికి లేచి కూర్చునేది. ‘సీనే మే జలన్’ అంటూ ఛాతీ రుద్దుకునేది. అందరం మిర్చీని తిట్టాం. డాక్టర్ మాత్రం మిర్చీ సంగతి అడగలేదు. “రోజుకి ఎన్ని చాయ్‌లమ్మా?” అన్నాడు. లెక్కపెడితే ఏడు. ఫజర్ తర్వాత ఖాళీ కడుపుతో మొదటిది, ఇషా అయ్యాక పడుకునే ముందు ఆఖరిది. అందులో సగం బంధువుల ఇళ్లల్లో, వద్దనలేక తాగినవే.

అన్నవాహిక కింది చివర ఒక కండరం ఉంటుంది. కడుపులోని తేజాబ్ పైకి రాకుండా ఆపే దర్వాజా అది. చాయ్, కాఫీల్లోని కెఫీన్ కొందరిలో దాన్ని వదులు చేస్తుంది. ఆ మీద వెంటనే పడుకుంటే తేజాబ్ గొంతు దాకా వస్తుంది. దావత్‌లో బిర్యానీ తిని, హాజ్మా కోసమని కూల్‌డ్రింక్ తాగుతాం. తేన్పు రాగానే హజమ్ అయిందనుకుంటాం. నిజానికి గ్యాస్ కడుపుని ఉబ్బించి తేజాబ్‌ని పైకి తోస్తుంది. నిమ్మ షర్బత్ అప్పటికే మండుతున్న చోట ఇంకా మండిస్తుంది. చల్లటి పాలు కాసేపు హాయినిస్తాయి, అంతే. అది ఇలాజ్ కాదు.

రమజాన్‌లో ఇది మరీ ఎక్కువ. రోజంతా ఖాళీగా ఉన్న కడుపులో పకోడీ, షర్బత్, సోడా, చాయ్ ఒకేసారి పడతాయి. తరావీహ్‌లో సజ్దాకి వంగితే నోట్లోకి పుల్లటి నీళ్లు! ఖజూర్, నీళ్లతో రోజా విప్పి, మిగతావి కొంచెం కొంచెంగా తీసుకుంటే ఈ తక్లీఫ్ చాలావరకు తగ్గుతుంది.

అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు. ఏది తాగితే మంట వస్తుందో ఎవరికి వాళ్లు గమనించుకోవాలి. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉండాలి. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు: ఛాతీలో నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, చెయ్యి లాగడం ఉంటే ‘గ్యాస్’ అనుకోకుండా ఫౌరన్ ఆస్పత్రికి వెళ్లాలి.

అమ్మీ ఇప్పుడు రెండు చాయ్‌లే తాగుతుంది. రాత్రుళ్లు నిద్రపోతోంది. కానీ ఎవరింటికైనా వెళ్లి “నీళ్లు చాలు బేటా” అంటే, “మా ఇంటి చాయ్ తాగరా ఖాలా?” అని మొహం ముడుచుకుంటారు. మెహమాన్ నవాజీ అంటే మెహమాన్‌కి ఆరామ్ ఇవ్వడం కదా! మన జిద్దు కోసం వాళ్ల నిద్ర చెడగొట్టడం ఏం మర్యాద? నీళ్లు అడిగితే నీళ్లే ఇద్దాం, ఖుషీగా.