అక్షరం మీటలో లేదు!

‘జె’ మీట నొక్కితే తెర మీద ‘జె’ పడుతుంది. ఇందులో వింతేముంది అంటారా? ఉంది. ల్యాప్‌టాప్ కీబోర్డు మొత్తం విప్పి వెతికినా ‘జె’ అనే అక్షరం ఎక్కడా దొరకదు. మీట నెత్తిన అచ్చేసింది మన కంటి కోసం, అంతే. ఆ మీటకు తన పేరేమిటో తెలియదు. దాని ద్వారా కంప్యూటర్‌కు తెలిసేది ఒక్కటే... ఫలానా చోట వేలు పడిందని!

ఈ చిన్న ముక్క అర్థమైతే చాలా చిక్కుముడులు వాటంతటవే విడిపోతాయి. ఒక మీట పాడైతే దానికి ఆమడ దూరంలో ఉన్న ఇంకో రెండు మీటలు కూడా ఎందుకు మొరాయిస్తాయి? ఈమెయిల్ అడ్రసులో ‘ఎట్’ గుర్తు కొడితే కొటేషన్ గుర్తు ఎందుకు పడుతుంది? అర చెంచాడు టీ ఒలికితే కీబోర్డు మొత్తం మార్చాలని రిపేరు షాపువాళ్లు ఎందుకంటారు? పిల్లల ప్రాజెక్టు పని, పెద్దాడి ఉద్యోగ దరఖాస్తు, నాన్నగారి బ్యాంకు పని... అన్నీ ఒక్క ల్యాప్‌టాప్ మీదే నడిచే ఇళ్లెన్నో. అలాంటి ఇంట్లో ఇవి చిన్న ప్రశ్నలేమీ కావు. అందుకే ఈ వారం కీబోర్డు లోపలికి తొంగిచూద్దాం. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు లెండి!

కత్తెర కింద గిన్నె

పైనుంచి కిందికి వద్దాం. మొదట కనిపించేది ప్లాస్టిక్ టోపీ. దాని కింద రెండు బుల్లి ప్లాస్టిక్ చట్రాలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతూ అమరి ఉంటాయి. అందుకే దీన్ని ‘సిజర్ స్విచ్’ అంటారు. మీటను నడిమధ్యన నొక్కినా, ఓ మూల నొక్కినా అది పక్కకు ఒరగకుండా నిటారుగా దిగుతోందంటే ఆ కత్తెర పుణ్యమే. స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్ట్ లాంటి పొడుగు మీటలకు ఈ సాయం చాలదు. వాటికి అదనంగా సన్నటి లోహపు తీగ ఆసరా ఉంటుంది.

కత్తెర నడుమ బోర్లించిన గిన్నెలాంటి రబ్బరు బుడిపె ఉంటుంది. నొక్కితే అణుగుతుంది, వేలు తీస్తే లేస్తుంది. మనం వేలికి తగిలిందనుకునే ఆ ‘టక్’ ఈ రబ్బరుదే. మామూలు డెస్క్‌టాప్ కీబోర్డు మీట దాదాపు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగితే, ల్యాప్‌టాప్ మీట ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోపే సరిపెట్టుకుంటుంది.

అసలు కథ ఆ రబ్బరు కింద ఉంది. అక్కడ మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. దీని పేరు మెంబ్రేన్. పై పొర అడుగున, కింది పొర పైన వెండి కలిపిన సిరాతో గీతలు అచ్చేసి ఉంటాయి. ఆ గీతలే కరెంటు తీగలు! మధ్య పొర రెండింటికీ అడ్డుగోడ. అయితే ఒక్కో మీట కింద దానికో గుండ్రటి రంధ్రం ఉంటుంది. మనం మీట నొక్కగానే రబ్బరు గిన్నె లోపలి ముక్కు పై పొరను ఆ రంధ్రంలోకి వంచుతుంది. పై గీత, కింది గీత ముద్దెట్టుకుంటాయి. కరెంటు పారుతుంది. వేలు తీయగానే విడిపోతాయి. ఇంతే సంగతి.

గస్తీ తిరిగే చిప్పు

ల్యాప్‌టాప్‌లో 80కి పైగా మీటలుంటాయి. ఒక్కోదానికీ విడిగా తీగ లాగితే కీబోర్డు నుంచి తీగల మోపే బయటికి రావాలి. ఇంజినీర్లు దానికో ఉపాయం కనిపెట్టారు. ఊళ్లో వీధులు, వాటిని అడ్డంగా దాటే సందులు ఉంటాయి కదా... అలాగే గీతల్ని గళ్లుగా అమర్చారు. ఉదాహరణకు 8 వీధులు, 16 సందులు ఉంటే 128 కూడళ్లు వస్తాయి. అంటే 24 తీగలతో 128 మీటలకు చోటు దొరికినట్టే! ఆ తీగలన్నీ కాగితమంత పల్చటి రిబ్బన్ కేబుల్‌గా మారి మదర్‌బోర్డు దాకా వెళతాయి.

అక్కడ కంట్రోలర్ అనే చిన్న చిప్పు రాత్రి గస్తీ తిరిగే కాపలాదారులా పనిచేస్తుంది. ఒక్కో వీధికీ సంకేతం పంపి, ఏ సందులో పలికిందో చూస్తుంది. తర్వాత రెండో వీధి, మూడో వీధి... ఇలా సెకను తిరిగేలోగా ఎన్నోసార్లు ఊరంతా చుట్టి వస్తుంది. మనం ఎంత వేగంగా టైపు చేసినా దాని కన్ను కప్పలేం.

ఇంకో చిక్కుంది. రెండు గీతలు తాకేటప్పుడు ఒక్క దెబ్బకే కుదురుగా అతుక్కోవు. కొన్ని వెయ్యో వంతు సెకన్లపాటు తాకుతూ విడిపోతూ అల్లల్లాడతాయి. ఆ అల్లాటను కూడా లెక్కేస్తే ఒక్క నొక్కుకు నాలుగు ‘జె’లు పడతాయి. అందుకే చిప్పు కాసేపు ఆగి, స్పర్శ స్థిరపడ్డాకే ‘ఊఁ... నొక్కారు’ అని నమోదు చేసుకుంటుంది.

మూడు మీటలు ఒకేసారి నొక్కితే ఒక్కోసారి దెయ్యం మీట కూడా పుడుతుంది! గళ్ల కాగితం మీద ఓ చతురస్రం ఊహించుకోండి. మూడు మూలల్లో మీటలు నొక్కితే కరెంటు చుట్టూ తిరిగొచ్చి, నాలుగో మూల కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. ఆ మోసాన్ని పసిగట్టి చాలా కీబోర్డులు మూడో మీటను పట్టించుకోవడం మానేస్తాయి. ఆటలాడే పిల్లలు ‘మూడు నొక్కితే ఒకటి పనిచేయట్లేదు’ అని గోల పెడితే, కీబోర్డు పాడైందని కంగారు పడక్కర్లేదు.

ఒకటే నంబరు... మూడు వేషాలు

‘జె’ నొక్కినప్పుడు లోపలికి వెళ్లేది అక్షరం కాదు, నంబరు. పాత పీసీల కాలం నుంచి వస్తున్న లెక్కలో అది 36. వేలు తీసినప్పుడు దానికి 128 కలిపి 164 వెళుతుంది. ఆ 36కు అర్థం చెప్పేది విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్. ఇంగ్లిషు అమరికలో ఉంటే దాన్ని ‘జె’ అంటుంది. భారతీయ భాషల కోసం 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణంలో చేర్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక పెట్టుకుంటే అదే 36 తెలుగులో ‘ర’ అవుతుంది. హిందీకి మార్చినా అక్కడ ‘ర’ అక్షరమే పడుతుంది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వచ్చేలా ఆ అమరికను తీర్చిదిద్దారు. డీటీపీ సెంటర్లలో వాడే యాపిల్, మాడ్యులర్ అమరికలైతే అవే మీటలకు వేరే అక్షరాలిస్తాయి. తెలుగు రాయడానికి తెలుగు అచ్చేసిన కీబోర్డు కొనక్కర్లేదన్నది ఇందుకే. మీటలు అవే, నిఘంటువు మారుతుంది.

ఇప్పుడు ‘ఎట్’ గుర్తు సంగతి. షిఫ్ట్ పట్టుకుని 2 కొడితే కొటేషన్ గుర్తు పడుతోందంటే మీ ల్యాప్‌టాప్ ఇంగ్లండ్ అమరికలోకి వెళ్లిందని అర్థం. అక్కడ ఈ రెండు గుర్తులూ చోటు మార్చుకుని ఉంటాయి. పాస్‌వర్డులో ‘ఎట్’ గుర్తు ఉన్నవాళ్లకు ఇది చుక్కలు చూపిస్తుంది. రిపేరు షాపుకు పరుగెత్తే ముందు భాష సెట్టింగుల్లో అమెరికా ఇంగ్లిషో, ఇండియా ఇంగ్లిషో ఎంచుకుంటే సరి.

పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో ‘జె’ కొడితే 1, ‘కె’ కొడితే 2, ‘ఎల్’ కొడితే 3 పడుతుంటే అది నమ్ లాక్ మహిమ. ఒకసారి తీసేస్తే సర్దుకుంటుంది. కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే విండోస్‌లో ‘ఫిల్టర్ కీస్’ మొదలవుతుంది. వణికే చేతులున్నవారి కోసం పెట్టిన సదుపాయమిది. మనకు తెలియకుండా అది ఆన్ అయితే మాత్రం మీటలన్నీ మొద్దుబారినట్టు అనిపిస్తాయి. ఇవన్నీ పైసా ఖర్చు లేని ‘రిపేర్లు’!

జబ్బు ఎక్కడుందో ఇలా పట్టండి

ఒకే ఒక్క మీట పనిచేయకపోతే దాని కింద దుమ్మో, బిస్కెట్ పొడో చేరి ఉండొచ్చు, రబ్బరు చిరిగి ఉండొచ్చు. ల్యాప్‌టాప్ ఆపేసి, వాలుగా పట్టుకుని గాలి ఊదే డబ్బాతోనో మెత్తటి బ్రష్‌తోనో శుభ్రం చేసి చూడండి.

ఒకేసారి నాలుగైదు మీటలు పోయాయా? అవి ఒకదానికొకటి దూరంగా ఉన్నాయా? అయితే ఒక ‘వీధి’ తెగిందన్నమాట. మెంబ్రేన్ మీద గీతలు తిన్నగా పోవు, మెలికలు తిరుగుతూ వెళతాయి. అందుకే ఒకే గీత మీదున్న మీటలు పక్కపక్కన కనిపించవు. ఇది బ్రష్‌తో పోయేది కాదు.

మీటలన్నీ పోయి, విడిగా యూఎస్‌బీ కీబోర్డు పెడితే పనిచేస్తుంటే రిబ్బన్ కేబుల్ వదులైందేమో చూపించండి. కేబుల్ బిగిస్తే సరిపోయేదానికి కొత్త కీబోర్డు ధర ఎందుకివ్వాలి?

టీ ఒలికితే...

మూడు పొరల సంగతి తెలిశాక దీని ప్రమాదమేమిటో చెప్పక్కర్లేదు. పొరల మధ్యకు చేరిన తడి అంత తేలిగ్గా ఆరదు. ఆరినా టీ, కాఫీ, కూల్‌డ్రింకుల్లోని చక్కెర బంకలా మిగిలిపోతుంది. మెల్లగా వెండి గీతల్ని కూడా తినేస్తుంది. ఇవాళ పనిచేసిన మీటలు వారం తర్వాత మొరాయించేది అందుకే. అన్నిటికన్నా పెద్ద భయం ఆ తడి కిందున్న మదర్‌బోర్డుకు చేరడం. కాబట్టి...

• వెంటనే ఛార్జర్ పీకేయండి. పవర్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టి ఆపేయండి. ఫైలు సేవ్ కాలేదని చూస్తూ కూర్చోవద్దు.
• బ్యాటరీ ఊడదీసే వీలుంటే తీసేయండి.
• మూత తెరిచి, కీబోర్డు నేలవైపు ఉండేలా గుడారంలా బోర్లించండి.
• హెయిర్ డ్రయ్యర్ వద్దు. వేడికి మీటలు, పొరలు వంగిపోతాయి. బియ్యం డబ్బా కూడా వద్దు. పొరల మధ్య తడిని బియ్యం లాగలేవు, వాటి పొడి మాత్రం లోపలికి వెళుతుంది.
• ‘పనిచేస్తోందేమో చూద్దాం’ అని ఆన్ చేయొద్దు. తడి మీద కరెంటు పారితేనే అసలు నష్టం. వీలైనంత త్వరగా విప్పి శుభ్రం చేయించండి.

పల్చదనానికి చెల్లించిన మూల్యం

ఒకప్పటి ల్యాప్‌టాప్‌లలో నాలుగు స్క్రూలు తీస్తే కీబోర్డు పైకి వచ్చేసేది. పల్చగా ఉండాలన్న మోజు పెరిగాక చాలా కంపెనీలు దాన్ని పై చట్రానికే ప్లాస్టిక్ బుడిపెలతో కరిగించి అతికించేస్తున్నాయి. అప్పుడు కీబోర్డు మార్చాలంటే మదర్‌బోర్డు, బ్యాటరీ అన్నీ విప్పాలి. వస్తువు ఖరీదుకన్నా కూలి ఎక్కువయ్యేది ఇక్కడే.

ఈ మోజు ఎంతదాకా వెళ్లిందో చెప్పడానికి యాపిల్ ఉదంతం చాలు. 2015లో ఆ కంపెనీ కత్తెరను పక్కనపెట్టి, సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకునే ‘బటర్‌ఫ్లై’ మీటల్ని తెచ్చింది. మీట కదలిక అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూగా తగ్గిపోయింది. దాంతో ఇసుక రేణువంత దుమ్ము చేరినా మీట బిగుసుకుపోయేది, లేదా ఒక్క అక్షరం రెండుసార్లు పడేది. ఫిర్యాదులు వెల్లువెత్తాక 2018లో ఉచితంగా బాగుచేసే కార్యక్రమం ప్రకటించింది. 2019 నవంబరులో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో మళ్లీ కత్తెరకే తిరిగొచ్చింది. అమెరికాలో కొనుగోలుదారులు వేసిన దావాను ముగించడానికి 2022లో 5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. ఒకట్రెండు మిల్లీమీటర్ల పల్చదనం ఎంత ఖరీదైందో చూశారా!

కాబట్టి కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, తెర ఎంత అని అడిగినట్టే ఇంకో ప్రశ్న కూడా అడగండి. ‘కీబోర్డు పాడైతే అదొక్కటే మార్చొచ్చా? ఎంతవుతుంది?’ అని. నీళ్లు ఒలికితే కిందికి జారిపోయే దారి ఉన్న మోడళ్లున్నాయి, అదీ అడగండి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మొదలుపెట్టిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో కూడా కంపెనీల రిపేరు వివరాలు చూసుకోవచ్చు.

ఉన్న ల్యాప్‌టాప్ కీబోర్డు ఇప్పటికే మొరాయిస్తోందా? దరఖాస్తుకు ఇవాళే ఆఖరి రోజా? విండోస్‌లో కంట్రోల్, విండోస్ మీటలు పట్టుకుని ‘ఓ’ కొట్టండి. తెర మీదే కీబోర్డు వస్తుంది. ఆ మీటలూ పనిచేయకపోతే మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించండి. ల్యాప్‌టాప్ ప్రాణం మీటల్లో లేదు. అక్షరాలూ వాటిలో లేవు. పాడైంది తలుపు గడియ మాత్రమే అయినప్పుడు ఇల్లే మార్చాల్సిన పనిలేదు కదా!