పచ్చదనం కాదు, పాయింట్లు చూడండి

2025 మే నెలలో ఒక ఆదివారం మా పెద్దమ్మ కూతురు వీడియో కాల్ చేసి, నెదర్లాండ్స్‌లో తను అద్దెకు తీసుకున్న కొత్త ఇల్లు చూపించింది. ముందు కిటికీ బయట చూపించింది. పెద్ద పెద్ద చెట్లు, ఇటుకలు పరిచిన రోడ్డు, ఒక్క హారన్ లేదు. సైకిల్ మీద వెళ్తున్న ఒక ముసలావిడ అక్కని చూసి చెయ్యి ఊపింది. "ఎంత పచ్చగా ఉందే, అచ్చం క్యాలెండర్ బొమ్మలా!" అని మా అమ్మ మురిసిపోయింది. తర్వాత అక్క ఫోన్ ఇంట్లోకి తిప్పింది. కింద ఉత్త సిమెంటు. కిటికీలకి కర్టెన్లు కాదు కదా, రాడ్లు కూడా లేవు. బల్బు ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి. "అదేంటే, దొంగలు పడ్డారా?" అంది పెద్దమ్మ.

దొంగలు కాదు, అక్కడి పద్ధతే అంత. అలాంటి ఇంటిని 'కాల్' అంటారట. డచ్ భాషలో ఆ మాటకి బోడి అని అర్థం. అంటే బోడి ఇల్లు. ముందు ఉన్నవాళ్ళు ఖాళీ చేసేటప్పుడు ఫ్లోరింగ్ కూడా ఊడదీసి పట్టుకుపోతారు, లేదంటే కొత్తగా వచ్చేవాళ్ళకి అమ్ముతారు. కొత్తవాళ్ళు మళ్ళీ తమ డబ్బుతో వేయించుకుంటారు.

ఆ కాల్ తర్వాత మా ఇంట్లో వారం రోజులు ఆ చెట్ల గురించే మాటలు. నేను మాత్రం అక్క అగ్రిమెంటుతో పాటు వచ్చిన ఒక కాగితం దగ్గర ఆగిపోయాను. మనం ఆ ఊరిని చూసి కుళ్ళుకోవాలంటే చెట్లకి కాదు, ఆ కాగితానికి కుళ్ళుకోవాలి అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ఊరి పేరు న్యూనెన్. ఐండ్‌హోవెన్ నగరానికి ఆనుకుని ఉంటుంది. చిప్పులు తయారుచేసే యంత్రాలు కట్టే ఏఎస్‌ఎమ్‌ఎల్ కంపెనీ ఐండ్‌హోవెన్ పక్కనే వెల్డ్‌హోవెన్‌లో ఉంది. మన బ్రాంచ్ వాళ్ళకి, ఈసీఈ వాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. ఆ కంపెనీ వల్ల, దానికి పనిచేసే చిన్న కంపెనీల వల్ల ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు కూడా బాగానే ఉన్నారు. నగరంలో ఇల్లు దొరక్క, దొరికినా అద్దె అందక చుట్టూ ఉన్న ఊళ్ళ వైపు చూస్తారు. న్యూనెన్‌లో రైల్వే స్టేషన్ లేదు. బస్సు, సైకిల్, కారు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. బావ వానలో కూడా సైకిల్ తొక్కుకుంటూ ఆఫీసుకి వెళ్తాడు. ఇక్కడ సందు చివర పాల ప్యాకెట్టుకి కూడా బండి తీసిన మనిషి!

ఇప్పుడు ఆ కాగితం సంగతి. నెదర్లాండ్స్‌లో అద్దె ఇంటికి పాయింట్లు వేస్తారు. గది వైశాల్యం ఒక చదరపు మీటరుకి ఒక పాయింటు. స్టోర్ రూమ్ లాంటి చోట్లకి అంతకన్నా తక్కువ. వంటింట్లో ఏమేం ఉన్నాయి, బాత్రూమ్ ఎలా ఉంది, బయట కూర్చోడానికి కాస్త జాగా ఉందా, ఇంటికి మున్సిపాలిటీ కట్టిన విలువ ఎంత, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇల్లు వేడిని ఎంత బాగా పట్టి ఉంచుతుందో చెప్పే ఎనర్జీ లేబుల్ ఒకటుంది. అది మంచిదైతే పాయింట్లు పెరుగుతాయి, మరీ చెత్తదైతే తగ్గుతాయి. అన్నీ కూడితే ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యకి ప్రభుత్వం నిర్ణయించిన గరిష్ఠ అద్దె ఉంటుంది.

అంటే అద్దె ఒక ఫంక్షన్. ఇన్‌పుట్ ఇల్లు, అవుట్‌పుట్ యూరోలు. ఇది విన్నప్పుడు సీఎస్‌ఈ వాడిగా నాకు కలిగిన ఆనందం డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో మొదటిసారి ఎర్రర్ లేకుండా కోడ్ నడిచినప్పుడు కూడా కలగలేదు. పైగా ఆ ఫంక్షన్‌లో అద్దెకి వచ్చేవాళ్ళ పేరు, మతం, పెళ్ళయిందా లేదా అనే ఇన్‌పుట్లు లేవు.

ఒకప్పుడు ఈ పరిమితి చవక ఇళ్ళకే ఉండేది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంతో మధ్యతరగతి ఇళ్ళకి కూడా వచ్చింది. 2025 లెక్క ప్రకారం 143 పాయింట్ల ఇంటికి నెలకి దాదాపు 900 యూరోలు, 186 పాయింట్ల ఇంటికి దాదాపు 1185 యూరోలు మించకూడదు. 187 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఓనరు తనకి నచ్చినంత అడగొచ్చు. 2025 జనవరి నుంచి కొత్త అగ్రిమెంటుతో పాటు ఆ పాయింట్ల లెక్క కాగితం ఇవ్వడం తప్పనిసరి. లెక్క తప్పనిపిస్తే హ్యూర్‌కొమిస్సీ అని అద్దె తగాదాలు తీర్చే సంస్థ ఉంది. 25 యూరోలు కట్టి ఫిర్యాదు చేయొచ్చు. లాయరు అక్కర్లేదు. అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదు. ఓనరు తరఫున పనిచేసే ఏజెంటు అద్దెకి వచ్చేవాళ్ళ దగ్గర కమీషన్ గుంజకూడదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది ఫారిన్ గొప్పలు చెప్పుకునే వ్యాసం అయిపోతుంది. కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి.

న్యూనెన్ ఇల్లు అక్కకి దొరికిన రెండోది. మొదటిది వేరే ఊళ్ళో. నెలకి 1450 యూరోలు అడిగారు. అక్క కొలతలు తీసుకుని, ఇంటర్నెట్‌లో ఉన్న లెక్క వేసి చూసుకుంది. ఎంత ఉదారంగా వేసినా 180 దాటలేదు. "పాయింట్ల కాగితం పంపుతారా?" అని ఏజెంటుకి చాలా మర్యాదగా మెయిల్ పెట్టింది. జవాబు రాలేదు. మూడు రోజుల తర్వాత ఆ ఇల్లు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఆఫీసులో ఒక డచ్ కొలీగ్ నవ్వి, "ముందు సంతకం పెట్టాలి, తాళాలు తీసుకోవాలి, తర్వాత అడగాలి" అన్నాడట. ఆ హక్కు గుమ్మం లోపల ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. గుమ్మం బయట ఉన్నవాళ్ళు అడిగితే తలుపు మూసుకుంటుంది.

ఎందుకలా అంటే ఇళ్ళు లేవు. ఆ చిన్న దేశంలో దాదాపు 4 లక్షల ఇళ్ళ కొరత ఉంది. చవక అద్దె ఇళ్ళ కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూస్తారు. 2019 మే 29న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, నైట్రోజన్ కాలుష్యం విషయంలో ప్రభుత్వం అనుమతులిస్తున్న పద్ధతి చెల్లదని తీర్పు చెప్పింది. రక్షిత ప్రకృతి ప్రాంతాలకి హాని జరగదని ముందే రుజువు కావాలి అంది. దాంతో వేల నిర్మాణాలు ఆగాయి. దానికి తోడు 2024 చట్టం వచ్చాక లాభం తగ్గిందని చాలామంది ఓనర్లు అద్దె ఇళ్ళని అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఇల్లు కొనేవాళ్ళకి అది మేలే. అద్దెకి వెతుక్కునేవాళ్ళకి మాత్రం ఉన్న ఇల్లు కూడా పోయింది. అంటే అక్క కిటికీలోంచి మనం చూసి మురిసిన పచ్చదనానికి ఒక ఖరీదుంది. దాన్ని కడుతున్నది ఇంకా ఇల్లు దొరకనివాళ్ళు.

ఆ ఖరీదు కట్టేవాళ్ళలో ఒకరు అక్కకి పక్కింట్లోనే ఉన్నారు. ఆ రోజు సైకిల్ మీద చెయ్యి ఊపిన ముసలావిడ మనవడికి 27 ఏళ్ళు. కార్ల రిపేరు షెడ్డులో పని. పుట్టింది ఆ ఊళ్ళోనే. ఇప్పటికీ అమ్మానాన్నల దగ్గర చిన్నప్పటి గదిలోనే ఉంటున్నాడు. ఏజెంట్లు అద్దెకి మూడు రెట్లు జీతం చూపించమంటారు. అతనికి అంత జీతం లేదు. అక్కావాళ్ళకి ఉంది. పైగా నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకి జీతంలో కొంత భాగం మీద ఐదేళ్ళ వరకు పన్ను మినహాయింపు కూడా ఇస్తారు. ఒకసారి ఆ అబ్బాయి, "మీకీ ఇల్లు ఎలా దొరికింది?" అని మామూలుగానే అడిగాడట. "తప్పేమీ చేయలేదు, అయినా జవాబు చెప్పడానికి నోరు రాలేదే" అంది అక్క.

ఆ అబ్బాయికి జీతం అడ్డొస్తే ఇంకొందరికి పేరు అడ్డొస్తుంది. ఒకే రకం అప్లికేషన్‌ని డచ్ పేరుతో ఒకటి, విదేశీ పేరుతో ఒకటి పంపి అక్కడివాళ్ళే పరీక్షలు చేశారు. విదేశీ పేర్లకి పిలుపులు తక్కువ వచ్చాయని తేలింది. ఎవరికి ఇస్తారో, ఏ ప్రాతిపదిక మీద ఎంచుకుంటారో ముందే స్పష్టంగా చెప్పాలని 2023 జూలైలో ఒక చట్టం తెచ్చారు. అయినా చట్టం రాగానే మనసులు మారవు కదా.

న్యూనెన్‌కే ఈ విషయంలో పాత కథ ఒకటుంది. 1883 చివర్లో విన్సెంట్ వాన్ గో ఆ ఊరు వచ్చాడు. వాళ్ళ నాన్న అక్కడి ప్రొటెస్టెంట్ చర్చిలో పాస్టరు. మరుసటి ఏడాది విన్సెంట్ క్యాథలిక్ చర్చి పనులు చూసుకునే ఒకాయన ఇంట్లో రెండు గదులు అద్దెకి తీసుకుని స్టూడియో పెట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే బ్యాచిలర్ టెనెంట్. సరైన ఆదాయం లేదు, చేతుల నిండా రంగులు, వేళాపాళా లేని తిరుగుడు. 1885లో 'పొటాటో ఈటర్స్' వేసింది ఈ ఊళ్ళోనే. ఆ బొమ్మలో ఉన్న రైతు కుటుంబం అమ్మాయి గర్భవతి అయితే, కారణం ఇతనే అని పుకారు పుట్టింది. తాను కాదని అతను చెప్పుకున్నాడు. ఆ బొమ్మలాయనకి నమూనాగా కూర్చోవద్దని క్యాథలిక్ ఫాదర్ తన జనానికి చెప్పాడు. ఆ ఏడాది నవంబరులో వాన్ గో ఊరు వదిలేశాడు. ఇప్పుడు అదే ఊళ్ళో అతని పేరు మీద మ్యూజియం ఉంది. ప్రశాంతమైన ఊరు అనగానే నాకిప్పుడు ఈ కథ గుర్తొస్తుంది. ఊరు ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన కొత్త మనిషికి అక్కడ చోటుంటుందని లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సెకండియర్‌లో హాస్టల్ ఖాళీ చేసి నేను, ఇంకో ముగ్గురం రూమ్ కోసం మూడు వారాలు తిరిగాం. ప్రతి టులెట్ బోర్డు దగ్గరా ఇంటర్వ్యూనే. "బ్యాచిలర్సా? కుదరదమ్మా." "నాన్‌వెజ్ వండుతారా?" "మీరేమిట్లు?" ఈ చివరి ప్రశ్నకి మాలో ఒకడు తడబడ్డాడు. అంతవరకు "రేపొచ్చి అడ్వాన్సు ఇవ్వండి" అన్న ఆంటీ, "మా ఆయన్ని అడిగి చెప్తాను" అంది. ఆ ఫోన్ ఎప్పటికీ రాలేదు. మెట్లు దిగేటప్పుడు మావాడు ఏమీ మాట్లాడలేదు. మేమూ ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు మేం కూడా ఒక ప్రశాంతమైన కాలనీలోనే ఉన్నాం. రెండు వైపులా చెట్లు కూడా ఉన్నాయి.

ఇక అద్దె ఎంత అంటే ఓనరు నోట్లోంచి ఎంత వస్తే అంత. పక్క పోర్షన్ ఎనిమిది వేలు, మాకు పదకొండు వేలు. ఎందుకని అడిగితే "ఇష్టమైతే ఉండండి." అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు. 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం ఆమోదించింది. ఇళ్ళకి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదని అందులోనూ ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అందులో కూడా అద్దె ఎంతో ఇద్దరూ మాట్లాడుకోవాల్సిందే. పాయింట్ల లాంటి కొలత లేదు.

"పాయింట్లు పెడితే ఇక్కడ కూడా ఓనర్లు ఇళ్ళు అమ్మేసుకుంటారు" అని మా నాన్న వాదన. ఆయనకి రెండు పోర్షన్లు అద్దెకున్నాయి లెండి! ఆయన భయంలో నిజం ఉంది, పైన చెప్పిందే దానికి సాక్ష్యం. కొత్త ఇళ్ళు కట్టకుండా అద్దె మాత్రం బిగిస్తే క్యూ పెరుగుతుంది. అందుకే పరిమితి రేపే పెట్టమని నేననను. కొలత మాత్రం పెట్టమంటాను. ఇన్ని చదరపు అడుగులు, ఇంత నీళ్ళ సదుపాయం, ఇంత గాలీ వెలుతురూ, కాబట్టి ఇంత అని ఒక కాగితం మీద రాసివ్వాలి. దానికి ఎవరూ ఇల్లు అమ్ముకోనక్కర్లేదు. ఇంటి గురించి ప్రశ్నలు రాయడం అలవాటైతే, మనిషి గురించి అడిగే ప్రశ్నలు ఎంత అసహ్యంగా ఉన్నాయో కనిపిస్తుందని నా ఆశ.

ఎమ్మెస్‌కి డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్ అని కలలు కంటున్న సీనియర్లకి ఒక మాట. సీటు వచ్చిన రోజే ఇంటి వేట మొదలుపెట్టండి. గది దొరక్కపోతే రావద్దని అక్కడి యూనివర్సిటీలే విదేశీ విద్యార్థులకి చెప్పిన సందర్భాలున్నాయి. ఆ అడ్రస్ మీద మున్సిపాలిటీలో రిజిస్టర్ చేసుకోవచ్చా అని ముందే అడగండి. చూడని ఇంటికి డబ్బు పంపొద్దు. చెట్ల ఫొటో చూసి అస్సలు పంపొద్దు.

మొన్న అక్క మళ్ళీ కాల్ చేసింది. ఫ్లోరింగ్ వేయించారు. కాదు, వేసుకున్నారు. బావా, పక్కింటి మనవడూ కలిసి రెండు శనివారాలు కూర్చుని చెక్కలు కోసి అతికించారట. అతనికింకా ఇల్లు దొరకలేదు. ఖాళీ చేసేటప్పుడు ఈ ఫ్లోరింగ్ పీకుతారా, అమ్ముతారా అని అడిగాను. "వదిలేసి వెళ్తాంలే, వచ్చేవాళ్ళు ఎవరో సిమెంటు మీద పడుకోవడం ఎందుకు" అంది.