నా జామీను సముద్రం దాటదట

2025 సెప్టెంబరులో ఒకరోజు ఫజర్ నమాజు చదువుకుని జానిమాజ్ మడత పెడుతుంటే ఫోను మోగింది. లీసెస్టర్ నుంచి మా భాంజా. అక్కడ అర్ధరాత్రి దాటింది.

"మామూ, గది దొరికింది. మంచం, బీరువా, బల్ల, పొయ్యి అన్నీ ఉన్నాయి. కిరాయా నెలకి 650 పౌండ్లు. మకాన్ మాలిక్ సరేనన్నాడు గానీ జామీను కావాలంటున్నాడు."

"నేనున్నాగా బేటా, నా పేరు రాసివ్వు" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మామూ, మీరు పొన్నూరులో ఉన్నారు" అన్నాడు.

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ముప్పై ఏళ్లుగా జీబీసీ రోడ్డు మీద దుకాణం నడుపుతున్నాను. నా మాట మీద సరుకు దిగుతుంది, నా మాట మీద బాకీ ఆగుతుంది. బ్యాంకు కాగితాల మీద ఎంతమందికి జామీను దస్తఖత్ పెట్టానో లెక్కలేదు. ఆ ఇజ్జత్ అంతా నిడుబ్రోలు స్టేషన్ దాకానే. సముద్రం దాటదట.

ఆ మాలిక్‌కి కావలసినవాడు వేరు. ఇంగ్లండ్‌లోనే ఉండాలి. ఉద్యోగమో సొంతిల్లో ఉండాలి. "ఈ కుర్రాడు కట్టకపోతే నేను కడతాను" అని రాసివ్వాలి. మావాడు విమానం దిగి అప్పటికి తొమ్మిది రోజులు. వాడికోసం అంత రాసిచ్చేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? జామీను లేకపోతే ఆరు నెలల కిరాయా ముందే కట్టమన్నారు. 3,900 పౌండ్లు, మన డబ్బుల్లో నాలుగు లక్షల పైమాటే. బావ మిర్చి అమ్మిన సొమ్ము ఫీజుకీ వీసాకీ ఎప్పుడో అయిపోయింది. చివరికి ఆపా గాజులు తాకట్టుకెళ్లాయి.

ఆ మాలిక్‌ని తిట్టడానికి ఇది రాయడం లేదు. అతని భయం అబద్ధం కాదు. పరదేశీ రెండు నెలలు ఎగ్గొట్టి విమానం ఎక్కితే ఎక్కడని వెతుకుతాడు? జామీను అడగడం జుల్మ్ కాదు. అవతలివాడి దగ్గర ఉండే అవకాశమే లేనిదాన్ని అడిగి, అది లేదన్న వంకతో లక్షలు వసూలు చేయడం జుల్మ్. ఊళ్లో తెలిసినవాడు దొరకాలంటే ఊళ్లో కొన్నాళ్లు ఉండాలి. ఉండాలంటే ఇల్లు కావాలి. ఇల్లు కావాలంటే తెలిసినవాడు కావాలి. ఈ గానుగలో తిరిగేది పరదేశీ ఒక్కడే.

ఇది మనకి కొత్త మస్లా ఏమీ కాదు. మన పొలాల్లో రోజూ చూస్తున్నదే. కౌలు అనే మాట అరబీలోని 'ఖౌల్' నుంచి వచ్చింది. ఖౌల్ అంటే ఇచ్చిన మాట. ఒకడు పొలం ఇస్తానని మాట ఇస్తాడు, ఇంకొకడు కౌలు చెల్లిస్తానని మాట ఇస్తాడు, అంతే. మరి ఇవాళ కౌలు రైతు మాటకి విలువెంత? 2019లో మన రాష్ట్రం పంట సాగుదారు హక్కుల చట్టం చేసింది. కౌలు రైతుకి కార్డు ఇస్తారు, దాంతో పంట రుణం తెచ్చుకోవచ్చు. కాకపోతే కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని దస్తఖత్ పడాలి. పెడితే భూమి మీద హఖ్ పోతుందేమోనని యజమానికి భయం. దస్తఖత్ పడదు, కార్డు రాదు, బ్యాంకు గడప ఎక్కనివ్వదు. రైతు వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళతాడు.

లీసెస్టర్‌లో మావాడికి జరిగిందీ, కాకుమాను వైపు కౌలు రైతుకి జరిగేదీ ఒకటే. దస్తఖత్ దొరకనివాడు దానికి బదులు డబ్బు కడతాడు. డబ్బున్నవాడికి దస్తఖత్ ఎలాగూ దొరుకుతుంది. లేనివాడికే అది ఖరీదు.

ఇంగ్లండ్ చట్టం ఇప్పుడు మారింది. 2025 అక్టోబరు 27న కిరాయాదారుల హక్కుల చట్టానికి రాజముద్ర పడింది. 2026 మే 1 నుంచి ప్రైవేటు మాలిక్ ఎవరూ ఒక నెలకి మించి కిరాయా ముందే అడగకూడదు. మంచిదే. ఇంకో ఆపా గాజులు ఆ దారిన పోకుండా ఉంటాయి. అయినా నా భయం నాకుంది. ఈ చట్టం జామీను అడగొద్దని అనలేదు. ముందు డబ్బు తీసుకునే దారి మూసుకుపోతే మాలిక్ జామీనునే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. డబ్బు కట్టయినా లోపలికి వచ్చే పరదేశీ, ఇప్పుడు డబ్బున్నా బయటే ఉండిపోవచ్చు. భరోసాకి ఇంకో దారి చూపించకుండా ఉన్న దారి మూస్తే ఇన్సాఫ్ సగమే జరిగినట్టు.

ఆ ఇంకో దారి ఫ్రాన్స్‌లో ఉంది. అక్కడ 2016 నుంచి 'విసాల్' అనే పథకం నడుస్తోంది. ఆక్సియోం లోజ్మాం అనే సంస్థ కిరాయాదారు తరఫున జామీను నిలబడుతుంది. పైసా తీసుకోదు. లాంగ్ స్టే వీసా మీద వెళ్లిన పరదేశీ విద్యార్థులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కిరాయా ఆగితే ఆ సంస్థ మాలిక్‌కి కట్టి, తర్వాత కుర్రాడి దగ్గర వసూలు చేసుకుంటుంది. మాలిక్ నష్టపోడు, కుర్రాడు ఎవరి గుమ్మం ముందూ చేయి చాచడు. ఇంగ్లండ్‌లోనూ కొన్ని యూనివర్సిటీలు తమ విద్యార్థులకి తామే జామీను నిలుస్తున్నాయి. నా వాదన ఇదే. పిల్లల్ని పిలిచి ఫీజు తీసుకున్నవాళ్లకి జిమ్మేదారీ కూడా ఉండాలి. పొన్నూరు పిల్లవాడి చదువు మీద నమ్మకంతో సీటు ఇచ్చిన యూనివర్సిటీ, వాడి నెల కిరాయా మీద ఆపాటి నమ్మకం పెట్టలేదా?

అందుకే తల్లిదండ్రులకి నా మనవి. గుంటూరులోనో విజయవాడలోనో కన్సల్టెన్సీ కుర్చీలో కూర్చున్నప్పుడు ర్యాంకింగ్ ఎంత అని అడిగే ముందు, "మా పిల్లవాడికి ఆ యూనివర్సిటీ జామీను నిలుస్తుందా?" అని అడగండి. జవాబు యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. గది కళ్లతో చూడకుండా ఫోటోలు నమ్మి డబ్బు పంపకండి. ఇంగ్లండ్‌లో డిపాజిట్ మామూలు ఇళ్లకి ఐదు వారాల కిరాయా మించకూడదు. దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న రక్షణ పథకంలో వేయాలి. ఆ కాగితం అడిగి తీసుకోండి. సామాన్లతో ఉన్న గదైతే తాళం చేతికి రాగానే మంచం నుంచి పొయ్యి దాకా ప్రతిదానికీ ఫోటో తీసి మాలిక్‌కి పంపమనండి. పాత గీతలకి కొత్త ఖర్చు కట్టకుండా ఉంటారు.

అక్కడ స్థిరపడిన మనవాళ్లకి కూడా ఒక మాట. మన ఊరి కుర్రాడు జామీను అడిగితే ముఖం తిప్పుకోకండి. అలాగని గుడ్డిగానూ పెట్టకండి. నలుగురు కలిసి ఒకే ఒప్పందం మీద ఉంటే నలుగురి బాకీ మీ మెడకి చుట్టుకోవచ్చు. "ఈ కుర్రాడి వాటా వరకే, ఈ గడువు వరకే" అని కాగితంలో రాయించి పెట్టండి.

ఇక ఇంటి మాట చెప్పి ముగిస్తాను. మొన్న రంజాన్‌కి ముందు మా మేడ మీద పోర్షన్ ఖాళీ అయింది. ఒడిశా కుర్రాడు ఒకడు వచ్చాడు, రైస్ మిల్లులో పని. వచ్చీరాని తెలుగులో కిరాయా అడిగాడు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఊళ్లో నీకు తెలిసినవాళ్లు ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ" అన్నాడు.

విజయవాడలో మా భాంజా ఇంటర్ చదివేటప్పుడు పేరు వినగానే తలుపేసుకున్న ఇళ్లు గుర్తొచ్చాయి. లీసెస్టర్ మాలిక్ కనీసం పేరు అడిగి తలుపేయలేదు, తీర్చగలిగితే తీరే షరతు పెట్టాడు. నేను పెట్టిన షరతు ఈ కుర్రాడు ఎలా తీరుస్తాడు? మిల్లు వాళ్లకి ఫోను చేశాను. ఆరు నెలల నుంచి పనిచేస్తున్నాడని, జీతం నెలనెలా ఇస్తున్నామని చెప్పారు. అది చాలు. ఒక నెల అడ్వాన్సు తీసుకుని తాళం ఇచ్చాను.

రాత్రి ఆపా ఫోనులో ఈ సంగతి విని, "వాడికి జామీను ఎవరు?" అంది.

"నేనే" అన్నాను. ఈ మాటు పొన్నూరులో ఉన్నానని ఎవరూ అనలేదు.